రెండు ట్రిప్పుల మధ్య గాలం

ఆమె స్కూలు బస్సు నడిపేది. మరీ పెద్దదేం కాదు, ఇరవై రెండు సీట్ల బస్సు. సొంతదే, స్కూలుకి కాంట్రాక్టు మీద నడిపేది. ఎక్కే పిల్లలంతా ఆమెని బస్సత్త అనేవాళ్ళు. ఆ పిలుపు పిల్లల నుంచి తల్లుల నోటికీ, అక్కణ్ణుంచి ఇంట్లోకీ పాకింది. చివరికి ఆమె అత్తగారు కూడా పక్కింటివాళ్ళతో మాట్లాడేటప్పుడు "మా బస్సత్త ఇంకా రాలేదు" అనేది, ఇంట్లో అత్త ఎవరో మర్చిపోయి.

పొద్దున ఆరూ నలభైకి బస్సు తీస్తే తొమ్మిదింబావుకి ఇంటికి చేరేది. మళ్ళీ రెండున్నరకి బయల్దేరాలి. "మధ్యలో అయిదు గంటలు ఖాళీయే కదా" అని అందరూ అనేవాళ్ళు. అందరూ అలా అనుకోవడం వల్లే ఆ అయిదు గంటల్లో ఊపిరి సలిపేది కాదు. అత్తగారి స్నానం, ఆవిడ మోకాలికి డాక్టరు చెప్పిన వ్యాయామం, మాత్రలు, వంట, బట్టలు, కొడుకు మర్చిపోయిన డ్రాయింగు పుస్తకం, కూతురి యూనిఫాంకి తెగిన గుండీ. భర్తకి బజారులో కళ్ళజోళ్ళ షాపు ఉంది. పన్నెండున్నరకల్లా ఆయన క్యారేజీ అక్కడికి చేరాలి. ఇవి చాలవన్నట్టు ఆడపడుచు పదింటికి ఫోన్ చేసి, నువ్వెలాగూ ఖాళీయే కదా వదినా అంటూ ఏదో ఒక పని పురమాయించేది.

గాలం ఆమె చేతికి అనుకోకుండా వచ్చింది. ఎండలు ముదిరిన రోజుల్లో ఒకసారి పొద్దుటి ట్రిప్పు అయ్యాక బస్సు రేడియేటరు వేడెక్కి పొగలు కక్కింది. దగ్గర్లో కాలువ లాకులున్నాయి. ఆమె డబ్బా పట్టుకుని నీళ్ళకోసం గట్టు దిగింది. లాకుల తలుపులు ఎత్తి దించే లస్కరు అక్కడ సిమెంటు దిమ్మ మీద కూర్చుని గాలం వేస్తున్నాడు. అరవై దాటిన మనిషి, బక్కపలచన. అప్పుడే పైనుంచి నీళ్ళు వదులుతున్నట్టు ఆయనకి ఫోన్ వచ్చింది. లేచి, కర్ర ఆమె చేతిలో పెట్టాడు.

"ఒక్క నిమిషం పట్టుకోమ్మా. బెండు మునిగితే లాగు."

ఆయన తిరిగొచ్చేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. బెండు మునగలేదు. అయినా ఆ ఇరవై నిమిషాల్లో ఆమె దేని గురించీ ఆలోచించలేదు. బెండు మీంచి చూపు తిప్పితే చేప ఎర తినేసి పోతుంది కాబట్టి ఫోన్ చూడ్డానికి లేదు. కర్ర వదలకూడదు కాబట్టి ఇంకో పని చేయడానికీ లేదు. కళ్ళకి ఒకటే పని, చేతులకైతే కదలకుండా ఉండటమే పని. బస్సు దగ్గరికి తిరిగి వెళ్తుంటే భుజాలు ఏదో మూట దించినట్టు తేలిగ్గా ఉన్నాయి. అంతసేపూ వాటిని బిగబట్టుకునే ఉన్నానని ఆమెకి అప్పుడే తెలిసింది.

వారం తిరక్కుండా మళ్ళీ వెళ్ళింది. ఈసారి రేడియేటరు చల్లగానే ఉంది. లస్కరు ఏమీ అడగలేదు. తన గుడిసె చూరులోంచి పాత కర్ర ఒకటి తీసి, తంగుసు దారం కొత్తది కట్టి, సీసం గుండు నొక్కి ఇచ్చాడు. వానపామును కొక్కేనికి ఎలా గుచ్చాలో ఒకసారి చూపించాడు. రెండోసారికి ఆమే గుచ్చుకుంది.

అక్కణ్ణుంచి ఆమె తన రోజులో పదకొండింటి నుంచి పదకొండూ నలభై వరకూ ఎలాగోలా కోసి పక్కన పెట్టడం మొదలుపెట్టింది. పొయ్యి మీద కుక్కరు దించీ దించగానే, అత్తగారు మాత్ర వేసుకుని మంచమెక్కగానే, క్యారేజీ సర్ది బస్సులో పెట్టుకుని బయటపడేది. లాకులకి ఏడు నిమిషాలు. నలభై నిమిషాలు గాలం. అక్కణ్ణుంచి షాపు, షాపునుంచి ఇల్లు. వారానికి మూడు రోజులు కుదిరేది, ఒక్కో వారం రెండే. పడిన చేపల్ని లస్కరుకి ఇచ్చేది, చిన్నవైతే నీళ్ళలోనే వదిలేది. ఒక్కటి కూడా ఇంటికి తేలేదు. తెస్తే చెప్పాల్సి వస్తుంది.

ఎందుకు చెప్పలేదో ఆమెకే సరిగ్గా తెలీదు. చెబితే ఎవరూ ఒంటికాలి మీద లేచేవాళ్ళు కాదు. భర్త మంచివాడు. గట్టిగా మాట్లాడటం కూడా రాదు ఆయనకి. కానీ నోరు తెరిచి చెప్పిన ఏ సంగతైనా ఆ ఇంట్లో నలుగురిదీ అయిపోయేది. ఒకసారి తలనొప్పిగా ఉందంటే అత్తగారు, కూతురు, ఆడపడుచు, షాపులో పనిచేసే కుర్రాడితో సహా నెల్లాళ్ళు దాని గురించి మాట్లాడారు. అందుకే డీజిల్ కొట్టించాలనీ, టైర్లకి గాలి పెట్టించాలనీ, స్కూల్లో డ్రైవర్ల మీటింగు ఉందనీ చెప్పి వెళ్ళేది. "ఆ టైర్లకి అన్ని చిల్లులున్నాయా ఏంటి, రోజు మార్చి రోజు గాలి పోతోంది" అని భర్త ఒకసారి నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. చేతులు గిన్నెల సబ్బుతో రెండుసార్లు కడుక్కునేది. చీర కుచ్చిళ్ళకి అంటిన బురద దులిపేది. ఇవాళ ఏ అబద్ధం చెప్పిందో రేపటిదాకా గుర్తుపెట్టుకోవాలి. ఆ నలభై నిమిషాల కోసం చేయాల్సిన పనులు కూడా నెమ్మదిగా పెరుగుతూ వచ్చాయి.

వానలు మొదలైన కొత్తలో అది బయటపడింది.

ఆ రోజు అత్తగారికి మాత్ర వేసుకున్నాక నిద్ర పట్టలేదు. లేచి బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. వానకి చెక్క ఉబ్బి ఉంది. తిరిగి తీద్దామంటే గడియ రాలేదు. ఫోను మంచం మీదే ఉండిపోయింది. ఆవిడ తలుపు బాదింది, కోడల్ని పిలిచింది, అరిచింది. కింది వాటాలో బట్టలు కుట్టే ఆమె మిషను ఆపినప్పుడు ఆ చప్పుడు విని పైకొచ్చింది. బస్సత్తకి ఫోన్ చేసింది. ఫోను బస్సులో స్టీరింగు పక్కన మోగుతూ ఉంది. బస్సత్త గట్టు కింద బెండు చూస్తూ ఉంది. ఇక లాభం లేదని ఆ దర్జీ కళ్ళజోళ్ళ షాపుకి ఫోన్ చేసింది.

భర్త చేతిలో ఏది ఉంటే అది పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ఆ చేతిలో ఉన్నది కళ్ళజోళ్ళ మరలు తిప్పే స్క్రూడ్రైవరు, అగ్గిపుల్లంత. దాంతో ఆయన పావుగంట సేపు బాత్రూం తలుపుతో కుస్తీ పట్టాడు. ఆ తర్వాత వడ్రంగిని పిలిస్తే, అతను ఒక్క దెబ్బకి తలుపు చెక్క ఊడదీశాడు.

ఆయన ఇంటికి పరిగెత్తాడని షాపులో కుర్రాడు చెబితే ఆమె ఖాళీ బస్సు తిప్పుకొచ్చి సందులో ఆపి, పదకొండు మిస్డ్ కాల్స్ అప్పుడే చూసి, మెట్లు రెండేసి ఎక్కి వచ్చేసరికి ఇల్లంతా జనం. అత్తగారు కుర్చీలో కూర్చుని ఉంది. జుట్టు చెదిరి ఉంది, తలుపు బాదీ బాదీ అరచేతులు కమిలిపోయాయి. దర్జీ ఆమె మంచినీళ్ళు పట్టిస్తోంది. నేల మీద తలుపు ముక్కలు. భర్త షాపుకి వేసుకునే ఇస్త్రీ చొక్కా చెమటకి ఒంటికి అతుక్కుపోయింది.

"ఎక్కడికెళ్ళావు?" అన్నాడు. కోపంగా కూడా కాదు, అలసటగా.

మీటింగు, గాలి, డీజిల్ మూడూ నాలుక చివరిదాకా వచ్చాయి. అత్తగారి చేతులు చూశాక ఏదీ బయటికి రాలేదు.

"చేపలు పట్టడానికి."

అందరూ ఆమెనే చూశారు. వడ్రంగి పనిముట్లు సర్దుకోవడం ఆపేశాడు. ఆమె తల దించుకుని మొత్తం చెప్పేసింది, ఎండాకాలం నుంచీ. తిట్లు పడతాయనుకుంది. నిజానికి పడాలనే కోరుకుంది. ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. ఊరటతో వచ్చిన నవ్వు అది, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా ఆగలేదు. ఇంత చిన్న విషయానికి ఇన్ని నెలలు దాక్కోవడమేంటి, నాతో చెప్పొచ్చుగా, నేనేమైనా పులినా అన్నాడు.

ఆ ఆదివారమే నాలుగు గాలపు కర్రలు కొనుక్కొచ్చాడు. మామూలు కర్రలు కావు, రీలు ఉన్నవి. మడత కుర్చీలు, గొడుగు, మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టె, అందులో రకరకాల కొక్కేలు. వారమంతా షాపులో గిరాకీ లేనప్పుడు ఫోన్లో చేపల వీడియోలు చూశాడు. లాకుల దగ్గర నీడ లేదనీ, అమ్మకి బాత్రూం సౌకర్యం లేదనీ, ఊరి అవతల రిజర్వాయరు పార్కు వెతికిపెట్టాడు. ఇంతమంది వెళ్ళాలంటే బస్సే తీయాలి. బస్సు తీయాలంటే ఆమే నడపాలి. అలా వారంలో స్టీరింగు ముట్టని ఆ ఒక్క రోజూ పోయింది. రెండో ఆదివారానికి ఆడపడుచు, ఆమె భర్త, వాళ్ళ ముగ్గురు పిల్లలు కూడా తోడయ్యారు. వాళ్ళని ఎక్కించుకోవడానికి రెండు వీధులు చుట్టి వెళ్ళాలి. దారిలో పిల్లలు బస్సత్తా, బస్సత్తా అంటుంటే ఆమెకి అది సోమవారమేమో అనిపించింది.

పార్కులో ఆమె చేసే పని ఏమిటంటే, చిక్కుపడిన దారాలు విప్పడం. నలుగురు పక్కపక్కన నిలబడి గాలాలు విసిరితే అవి గాల్లోనే పెనవేసుకునేవి. ఒకరి కొక్కెం ఇంకొకరి చొక్కాకి గుచ్చుకునేది. కొడుకు వానపాముని చూసి ఏడ్చేవాడు. కూతురు ఎండలో మొహం నల్లబడుతుందని గొడుగు కింద మొహం గంటు పెట్టుకుని కూర్చునేది. గంటకోసారి అత్తగారి చెయ్యి పట్టుకుని బాత్రూంకి తీసుకెళ్ళి, తలుపు బయట నిలబడి, "ఇక్కడే ఉన్నానత్తయ్యా" అంటూ ఉండాలి. మధ్యలో తినడానికి వడ్డించాలి. నాలుగు ఆదివారాల్లో ఆమె గాలం నీళ్ళలో ఉన్నది అంతా కలిపి అరగంట కూడా ఉండదు. ఆ అరగంట కూడా భర్త వెనక నిలబడి, మణికట్టు ఇలా తిప్పాలి, వీడియోలో చెప్పారు అని నేర్పుతూ ఉండేవాడు. ఆయన మొహంలో అంత ఉత్సాహం చూసి చాలా ఏళ్ళయింది. వద్దనడానికి ఆమెకి నోరు రాలేదు. ఫోటోలు తీసి 'మా ఇంటావిడ సరదా' అని అందరికీ పంపాడు. సోమవారం పొద్దున బస్సు ఆపినచోటల్లా తల్లులు నవ్వుతూ అడిగారు, ఎన్ని పడ్డాయి బస్సత్తా అని.

ఆదివారం వెళ్తున్నాం కదా అన్న మాటతో మామూలు రోజుల్లోని ఆ నలభై నిమిషాలు తుడిచిపెట్టుకుపోయాయి. ఎలాగూ అత్తగారు ఆమెని కదలనివ్వడం లేదు. ఆ రోజు తర్వాత ఆవిడకి భయం పట్టుకుంది. ఇంట్లో అన్ని గడియలూ తీయించేసింది. కోడలు వంటింట్లో ఉంటే హాల్లోంచి, "అమ్మాయ్, ఉన్నావా?" అనేది. "ఉన్నానత్తయ్యా" అనాలి. రెండు నిమిషాలు గడవగానే మళ్ళీ, "అమ్మాయ్?" ఒకరోజు ఆమె లెక్కపెట్టింది. ముప్ఫై దాకా లెక్కపెట్టి వదిలేసింది. డాబా మీద బట్టలు ఆరేస్తూ కూడా కిందికి వినబడేలా జవాబు చెబుతూనే ఉండేది. ఆఖరికి, "నువ్వు స్నానం చేసేటప్పుడు కూడా తలుపు దగ్గరగా వేసుకో చాలు, ఇరుక్కుపోతావు" అని ఆవిడ బతిమాలుకుంది. మీకేం పిచ్చా అని కోడలు అనలేకపోయింది. ఆ నలభై నిమిషాలూ ఆవిడ తలుపు బాదుతుంటే తను ఎక్కడుందో ఆమెకి తెలుసు. అందుకని గడియ లేని తలుపు వెనక, దాన్ని ఒక కాలితో తోసిపట్టి, గబగబా నాలుగు చెంబులు పోసుకుని బయటికొచ్చేది.

అయిదో ఆదివారం కొడుకు గాలానికి పెద్ద చేప పడింది.

వాడు కర్ర ఆమె చేతిలో పెట్టి ఎటో పోయాడు, చిక్కు విప్పమని. చిక్కు విప్పుతుండగానే దారం సర్రున సాగింది. ఇలాంటి బరువు లాకుల దగ్గర ఎప్పుడూ తగల్లేదు. ఆమె కాళ్ళు బురదలో నొక్కిపెట్టి నిలబడింది. లస్కరు చెప్పింది గుర్తుంది. లాగేటప్పుడు లాగనివ్వు, అలిసినప్పుడు నువ్వు లాగు. చేప లోతుకి పోయింది, ఆమె వదిలింది. తిరిగింది, ఆమె నాలుగు చుట్లు చుట్టింది. చుట్టూ చప్పుళ్ళు వినబడటం మానేశాయి. అయిదు వారాల తర్వాత మొదటిసారి భుజాలు తేలికపడ్డాయి.

అప్పుడు పక్కనుంచి రెండు చేతులొచ్చి కర్ర పట్టుకున్నాయి.

"ఇలా ఇవ్వు, ఇలా ఇవ్వు, తెగిపోతుంది" అన్నాడు భర్త.

ఇచ్చేసింది. ఎందుకిచ్చిందో తర్వాత ఎంత ఆలోచించినా అర్థం కాలేదు. ఏదడిగినా ఇవ్వడం చేతులకి అలవాటైపోయింది, అంతే. ఆయన నిజంగానే జాగ్రత్తగా లాగాడు. పది నిమిషాలకి చేప ఒడ్డుకొచ్చింది, మోచేతి పొడుగు. అందరూ మూగారు. ఆడపడుచు భర్త ఫోటో తీశాడు. మీ ఆవిడ కూడా రావాలి ఫోటోలోకి అని ఎవరో అన్నారు. ఆమె అక్కడ లేదు.

ఆమె నడుచుకుంటూ వెళ్ళి బస్సెక్కింది. డ్రైవరు సీట్లో కూర్చుంది. తాళం తిప్పింది. ఎక్కడికి వెళ్ళాలో అనుకోలేదు. గేరు వేసి అక్కణ్ణుంచి పోవాలని మాత్రం ఉంది. ఇంజను స్టార్టయిన చప్పుడుకి ఒడ్డున ఉన్న తలలన్నీ ఇటు తిరిగాయి. ఆడపడుచు చెయ్యెత్తి, వస్తున్నాం వస్తున్నాం అన్నట్టు ఊపింది. టైమైపోయినట్టుంది, బస్సత్త బండి తీసేసింది అనుకుని వాళ్ళు హడావిడిగా కుర్చీలు మడిచారు, కర్రలు కట్టకట్టారు, అత్తగారిని చెరో రెక్కా పట్టుకుని లేపారు. అయిదు నిమిషాల్లో ఒక్కొక్కరే బస్సెక్కి ఎవరి సీట్లో వాళ్ళు కూర్చున్నారు. ఆఖర్న ఎక్కిన కొడుకు అలవాటు ప్రకారం తలుపు మూసి, "రైట్ అత్తా" అన్నాడు, బస్సులో మిగతా పిల్లల్లాగే. అందరూ నవ్వారు.

ఆమె హ్యాండ్‌బ్రేక్ దించింది.

ఆడపడుచు కుటుంబాన్ని వాళ్ళ వీధిలో దింపాక బస్సు నెమ్మదించింది. వెనక సీట్లలో అత్తగారూ పిల్లలూ కునుకుతున్నారు. భర్త ముందు సీట్లోకి వచ్చి కూర్చుని, అంత తొందరగా ఎందుకు బయల్దేరదీశావు, ఇంకో గంట ఉండేవాళ్ళంగా అన్నాడు. ఆమె రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. నడిపేటప్పుడు పక్కకి చూడకపోతే ఎవరూ తప్పు పట్టరు. అందుకే చెప్పగలిగింది.

"నాకు ఒక్కదాన్నే వెళ్ళాలనుందండీ."

"ఎక్కడికి?"

"గాలం వేయడానికి. ఒక్కదాన్నే."

ఆయనకి అర్థం కావడానికి రెండు స్టాపులంత దూరం పట్టింది. "మేమంటే అంత బరువా నీకు?" అన్నాడు.

బరువని కాదు అనబోయింది. అది పూర్తిగా నిజం కాదనిపించి ఆగింది. "అక్కడ నన్నెవరూ పిలవరు" అంది. "అంతే. నలభై నిమిషాలు నన్నెవరూ పిలవరు."

ఆయన లేచి వెనక సీట్లోకి వెళ్ళి కూర్చున్నాడు. ఇంటికొచ్చాక కర్రల కట్ట డాబా మీది గదిలో పడేసి తలుపు మూశాడు. నాలుగు రోజులు అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు. పిల్లలు కూడా ఏదో పసిగట్టి, కాళ్ళకి చప్పుడు లేకుండా తిరిగారు. క్యారేజీ తీసుకెళ్ళి షాపులో పెడితే ఆయన లెన్సు తుడుస్తూ తల ఎత్తకుండా "అక్కడ పెట్టు" అనేవాడు. ఆయన బాధ నిజమైనదే. అయిదు ఆదివారాలు ఆ మనిషి ఆమె కోసమే చేశాననుకున్నాడు. ఆ సంగతి ఆమెకి తెలియడం వల్ల ఇల్లు ఇంకా ఇరుకైపోయింది. మాట వెనక్కి తీసుకుంటే అంతా సర్దుకుంటుందని రోజుకి పదిసార్లు అనిపించింది. రెండుసార్లు దాదాపు తీసేసుకుంది కూడా.

నాలుగో రోజు అత్తగారి మోకాలికి తైలం రాస్తుంటే ఆవిడ అడిగింది.

"నా వల్లేనా ఇదంతా?"

"మీ వల్ల కాదత్తయ్యా."

"నా వల్లే. నాకు భయం, అమ్మాయ్. ఒక్కదాన్నే ఉండలేను. పోయింది, తగ్గిపోయింది అని నీ కోసం అబద్ధం చెప్పలేను." ఆవిడ కాలు కొంచెం జరిపింది. "కానీ నా పక్కన కుర్చీ వేసుకుని నువ్వే కూర్చోవాలని లేదుగా. వాడు నా కొడుకేగా. వాణ్ణి కూర్చోమను."

ఆమె ఆ మాట భర్తతో అనలేదు. ఆవిడే కొడుకుతో ఏం చెప్పిందో తెలీదు. మర్నాడు షాపులో క్యారేజీ అందుకుంటూ ఆయన, బుధవారాలు గిరాకీ తక్కువ, పదకొండు నుంచి పన్నెండు దాకా షాపు కుర్రాడికి అప్పజెప్పి ఇంట్లో ఉంటానన్నాడు. మొహం ఇంకా ముడుచుకునే ఉంది. అయినా అన్నాడు. ఆమె సరేనంది.

బుధవారం ఆయన పదకొండూ అయిదుకి వచ్చాడు. అమ్మ మాత్రలు ఎక్కడో, బీపీ చూసే మిషను ఎక్కడో చెప్పి ఆమె బయటపడేసరికి పదకొండూ పన్నెండు. లాకుల దగ్గర నీళ్ళు బాగా తగ్గి, దిమ్మ కింద పాచి బయటపడింది. లస్కరు ఆమెని చూసి ఇన్నాళ్ళూ ఏమైపోయావని అడగలేదు. ఇటు వెయ్యకు, నీరు లేదు, ఆ తలుపు నీడలో వెయ్యి అని చెయ్యి చూపించి, తలుపుల ఇరుసులకి గ్రీజు పెట్టడానికి పోయాడు.

గాలం వేసి కూర్చుంది. ఫోను ఒళ్ళో పెట్టుకుంది. ఈసారి బస్సులో వదిలే ధైర్యం లేదు. మూడు నిమిషాలకి మోగింది. అమ్మ పాలు అడుగుతోంది, చక్కెర వెయ్యొచ్చా అని భర్త. వద్దని చెప్పింది. తర్వాత, స్టవ్ వెలగడం లేదని. సిలిండరు మీట తిప్పమంది. బెండు చూస్తోందే కానీ మనసు చెవుల్లో ఉంది. ఇంకోసారి మోగుతుందేమోనని ఎదురు చూస్తూ ఉంటే మోగనిసేపూ మోగుతున్నట్టే ఉంది. భుజాలు బిగుసుకునే ఉన్నాయి. ఇంత గొడవ పడి తెచ్చుకున్నది ఇదా అనిపించింది. పదిహేను నిమిషాలు అలాగే పోయాయి. ఏ చేపా ముట్టలేదు.

పదకొండూ నలభై అయిదుకి లేవాలి. నలభై నాలుగుకి ఆమె దారం లాగబోతుంటే బెండు కొంచెం పక్కకి జరిగి, ఆగి, మునిగింది.

చేప పెద్దదేం కాదు. కానీ మొండిది. తలుపు నీడలోంచి బయటికి రానంది. ఆమె కర్ర రెండు చేతులా పట్టుకుని లేచింది. ఒళ్ళోంచి ఫోను గడ్డిలో పడింది. కాసేపటికి అది మోగింది. ఆమెకి వినబడింది. మోగి మోగి ఆగింది. దూరంగా ఇరుసు దగ్గర లస్కరు గ్రీజు చేతులతో నిలబడి చూస్తున్నాడు కానీ దగ్గరికి రాలేదు. ఆమె లాగనిచ్చింది, లాగింది. ఒడ్డుకి వచ్చాక మొప్పల దగ్గర ఒడిసిపట్టి కొక్కెం తీసింది. జానెడు చేప, వీపు మీద నల్లటి చారలు. ఒక్క క్షణం చూసి నీళ్ళలో వదిలింది.

ఇంటికి చేరేసరికి పన్నెండూ పది. భర్త చెప్పులేసుకుని మెట్ల దగ్గరే నిలబడి ఉన్నాడు. షాపులో ఎవరో కంటి పరీక్షకి వచ్చి కూర్చున్నారట, కుర్రాడు రెండుసార్లు ఫోన్ చేశాడట. ఆయన ఆమె తడిసిన చేతుల్ని చూశాడు.

"పడిందా?"

"పడింది."

"ఎంతుంది?"

ఆమె చేతులతో చూపించింది. ఏదీ అన్నాడు. వదిలేశానంది. ఆయనకి మళ్ళీ ఏదో అనాలనిపించినట్టుంది, పెద్ద చేప పట్టుకున్న ఆదివారం గుర్తొచ్చిందేమో, మెడ వెనక చేత్తో రాసుకున్నాడు. అమ్మ పడుకుందనీ, పాలు పొంగిపోయాయనీ చెప్పాడు. నాలుగు మెట్లు దిగి ఆగాడు.

"వచ్చే బుధవారం కుదరదేమో. ఫ్రేముల కంపెనీ ఆయన వస్తానన్నాడు."

సరేలెండి అనడం ఆమెకి వెన్నతో పెట్టిన విద్య. ఆ మాట పెదాల దాకా వచ్చింది.

"అయితే గురువారం" అంది.

"గురువారం... చూద్దాం."

"చూద్దాం కాదండీ. గురువారం."

ఆయన రెయిలింగు పట్టుకుని పైకి చూశాడు. లోపల్నుంచి అత్తగారు, "అమ్మాయ్, వచ్చావా?" అంది. ఆమె వెంటనే పలకలేదు. ఆయన జవాబు కోసం అక్కడే నిలబడింది.

"సరే, గురువారం" అన్నాడాయన, మిగతా మెట్లు దిగుతూ. "కానీ పన్నెండు అంటే పన్నెండే."

"వచ్చానత్తయ్యా" అంటూ ఆమె లోపలికి వెళ్ళింది. పొయ్యి చుట్టూ మాడిన పాలు అట్టకట్టి ఉన్నాయి. క్యారేజీ షాపుకి చేరడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది.